సముద్రం వైపు వరసలు

సుబ్బాయమ్మ మెడలో జీడిగింజల దండ వేసి ఎండలో నిలబెట్టారు.

పచ్చిగింజల్ని దబ్బనంతో పొడిచి, కొబ్బరితాడుకు గుచ్చి, అరవయ్యేళ్ల మనిషి మెడలో వేశారు. జీడిగింజ తొక్కలో నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే నిప్పు తగిలినట్టే. పొడిచిన ప్రతి గింజ నుంచీ ఆ నూనె కారి ఆమె మెడ చుట్టూ బొబ్బలు లేస్తున్నాయి. రాలిన గింజలు ఓ దోసెడు ఏరి ఒడిలో వేసుకోవడం ఆమె చేసిన నేరం.

"దొంగదానికి దండేశాం, చూసిపోండి!" అని తోట కాపలావాళ్లిద్దరూ దిబ్బ మీద నుంచి పాలెం వైపు తిరిగి కేకలు పెడుతున్నారు.

గంగరత్నం అప్పుడే దొరువు నుంచి నీళ్లబిందె ఎత్తుకుని వస్తోంది. ఆ తీరంలో ఇసుకను మనిషి లోతు తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి, ఆ గుంటనే దొరువు అంటారు. కేకలు విని ఆమె బిందె అక్కడే దించి దిబ్బ ఎక్కింది. ముసలమ్మ ఏడవడం లేదు. పళ్లు బిగించి సముద్రం వైపు చూస్తోంది. గంగరత్నం ఒక్క గుంజు గుంజి దండ తెంపింది. ఆమె అరచేతులు కూడా చురచురమని కాలాయి.

"ముట్టుకున్నావంటే నీకూ పడుద్ది దండ," అన్నాడు పెద్ద కాపలావాడు.

"పడనియ్. ముందు ఈ చెట్టు ఎవరు నాటారో చెప్పు."

"ఎవరు నాటితే నాకేంటి? సంఘం చెట్టు."

"సంఘం అంటే ఎవరు?"

వాడు నవ్వాడు. "సంఘం అంటే ఎవరేంటి? ప్రెసిడెంటుగారు."

వాడు అబద్ధం చెప్పలేదు. దిబ్బలపాలెం జనానికి జరిగిన మోసమంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది. కాకపోతే ఆ సంగతి కాపలావాడికి తెలుసు, చెట్లు పెంచినవాళ్లకు తెలియదు.

దిబ్బలపాలెం బాపట్లకు దక్షిణాన, రామాపురం పోయే తీరంలో ఉంది. ముందు సముద్రం, తర్వాత తాటిచెట్టంత ఎత్తున ఇసుకదిబ్బ, దిబ్బ కింద పాలెం, పాలెం వెనక డెల్టా పొలాలు. వేసవి వస్తే చాలు, దక్షిణపు గాలికి దిబ్బ నడిచేది. నడిచేదంటే నిజంగానే నడిచేది. గంగరత్నం చిన్నప్పటికే రెండు వీధులు ఇసుక కింద పడిపోయాయి. అన్నంలో ఇసుక, కళ్లలో ఇసుక, పసిపిల్లల ఉయ్యాల్లో ఇసుక. పాలెం వాళ్లు వెనక్కి జరిగి జరిగి పొలాల గట్ల దాకా వచ్చారు. ఇక జరగడానికి చోటు లేదు. ఆ పొలాల్లో ఎక్కువ భాగం సాంబశివరావుగారివి.

అరవై రెండులో ఆ ఇసుక సాంబశివరావుగారి నారుమళ్లలోకి కూడా దిగింది. పాలెంలో రెండు వీధులు పోయినప్పుడు రాని జీపు, నారుమడి పోయినప్పుడు వచ్చింది. అందులోంచి భూసంరక్షణ శాఖ ఆఫీసరు దిగాడు. పక్కన సాంబశివరావుగారు.

"దిబ్బ వాలు నిండా జీడిమామిడి వెయ్యండి. ఇసుక నిలబడుతుంది, పంట డబ్బూ వస్తుంది. పదేళ్లు ఎవరు పెంచితే వాళ్లకే పట్టా," అన్నాడు ఆఫీసరు. మంచిమనిషే. ఆ మాట నమ్మే చెప్పాడు. రెండేళ్లకే బదిలీ అయిపోయాడు.

సంఘం పెట్టాలన్నారు. సంఘానికి సంతకం పెట్టగల అధ్యక్షుడు కావాలన్నారు. ఇంకెవరుంటారు, సాంబశివరావుగారే.

మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు దిబ్బ ఎక్కారు. తాటాకు దొప్పల్లో మొలకలు పోసి, గుంటలు తీసి, ఒక్కో మొక్కకూ తాటాకు దడి కట్టి, దొరువు నుంచి బిందెలతో నీళ్లు మోశారు. కాలే ఇసుకలో రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగేవాళ్లు. గంగరత్నానికి కడుపులో బిడ్డ పోయింది ఆ బిందెల కిందే. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనదు.

పంపకం మాత్రం పాలెం పద్ధతిలోనే చేసుకున్నారు. దిబ్బకు సముద్రం వైపు వాలులో ఉప్పుగాలి కొడుతుంది. అక్కడి చెట్టు గిడసబారి, నేల మీద పాకుతుంది, కాపు అంతంత మాత్రం. కాని ఇసుకను పట్టుకునేది అదే. పాలెం వైపు చెట్టు నిటారుగా పెరిగి విరగకాస్తుంది. అందరూ లోపలి వరసలే కావాలంటే బయటి వరసలు ఎవరు చూస్తారు? అందుకని ప్రతి ఇంటికీ లోపల ఒక వరస, బయట ఒక వరస. పడవలో వల విసిరినవాడికీ, నీళ్లు తోడినవాడికీ చేపలో వాటా ఉన్నట్టే ఇదీనూ. బయటి చెట్ల కింది కొమ్మ కొట్టకూడదన్నది ఇంకో కట్టుబాటు. ఆ కొమ్మలు ఇసుక మీద వాలి, వేళ్లు దిగి, దిబ్బను పట్టేసుకున్నాయి.

అరవై తొమ్మిది తుపానులో పక్క పాలేలు ఇసుక కింద పడితే దిబ్బలపాలెం నిలిచింది. ఆ చెట్లే నిలబెట్టాయి.

చెట్లు కాపుకొచ్చిన మరునాటి నుంచి తోట చుట్టూ ముళ్లకంచె, కంచె మీద కాపలా. "ముందు సంఘం అమ్ముతుంది, తర్వాత మీ వాటా మీకొస్తుంది," అన్నారు. మూడు కాపులు పోయాయి. వాటా మాట ఎత్తినప్పుడల్లా కులపెద్ద పోలయ్య అందరినీ సముదాయించేవాడు. "నేను ప్రెసిడెంటుగారితో మాట్లాడా. ఓపిక పట్టండి." పోలయ్య గంగరత్నానికి మేనమామ. ఆమె తండ్రి సముద్రంలో పోతే మూడేళ్ల పిల్లను భుజాన వేసుకుని పెంచినవాడు. ఆయన మాటంటే ఆమెకు దేవుడి మాట.

సుబ్బాయమ్మ మెడకు కొబ్బరినూనె రాసి పడుకోబెట్టిన మర్నాడు ఇంకో కబురు వచ్చింది. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టే పాలెం అమ్మాయిలు మోసుకొచ్చారు. సాంబశివరావుగారు సముద్రం వైపు వరసలన్నీ ఇటుకబట్టీలకు కట్టెల కింద అమ్మేశారట. కాపు లేని చెట్లు దండగన్నారట.

"ఆయన పొలం మాటేంటి మరి? దిబ్బ కదిలితే ఆయనకే గదా ముందు దెబ్బ?" అన్నాడు గంగరత్నం మొగుడు వెంకయ్య.

జవాబు ప్రకాశరావు చెప్పాడు. ప్రకాశరావు తెనాలి దగ్గర కూలివాళ్ల బిడ్డ, బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదువుతున్నాడు. ఇసుక ఏడాదికి ఎంత జరుగుతుందో కొలిచే పని మీద వచ్చి పాలెంతో కలిసిపోయాడు.

"పోయినేడు పొలాలకూ పాలేనికీ మధ్య పెద్ద కట్ట పోశారు గదా. ఇంక దిబ్బ కదిలినా ఇసుక ఆ కట్ట దగ్గర ఆగుద్ది. ఆయనకేం నష్టం లేదు. మధ్యలో ఉంది మీరే." అంటూ అతను ఒక పాకుడుకొమ్మ దగ్గర కూర్చున్నాడు. "ఈ కొమ్మ వెనక మోకాలెత్తు ఇసుక చూడండి. ఇది తీసేస్తే అదంతా కిందికే. మా పుస్తకంలో కూడా ఇదే రాశారు."

సుబ్బాయమ్మ మెడకు గుడ్డ చుట్టుకుని ఉంది. "పుస్తకం మా దిబ్బ మీదకొచ్చి నేర్చుకుని పోయిందేమోలే నాయనా," అంది.

అందరూ నవ్వారు. ఆ వారంలో పాలెం నవ్వింది ఆ ఒక్కసారే. ఎందుకంటే ప్రకాశరావు తాలూకాఫీసు చుట్టూ పదిసార్లు తిరిగి, పట్టా కోసమని అరవై ఎనిమిదిలో పాలెం మగవాళ్లు వేలిముద్రలు వేసిన కాగితానికి నకలు తెచ్చాడు. వేట పడవలు ఒడ్డుకొచ్చాక, పడవల పక్కనే ఇసుకలో కూర్చున్న జనం మధ్య నిలబడి చదివాడు.

"ఈ క్రింద వేలిముద్రలు వేసిన మేము సదరు దిబ్బపై కూలి నిమిత్తం మాత్రమే పనిచేసి యున్నాము. సదరు చెట్లపై గాని, ఫలసాయంపై గాని, భూమిపై గాని మాకు ఎట్టి హక్కును లేదు. ఇకముందు కోరము."

వెంకయ్య లేచొచ్చి ఆ కాగితం మీదికి వంగి చూశాడు.

"అది పట్టా కాగితం గదా?" అన్నాడు వెంకయ్య. "పట్టా కోసమని గదా వేశాం?"

"ఎవరు చదివి చెప్పారు?" అంది గంగరత్నం.

"చదవడమేంటే? మీ మావ వేశాడు. ఆ తర్వాత మేం వేశాం."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అలివి వల అని ఒకటుంది. ఒడ్డు నుంచి నలభై యాభై మంది రెండు తాళ్లు పట్టుకుని లాగే పెద్ద వల. దాని దగ్గర ఒకడే పెద్ద. ఆయన చెయ్యెత్తితే అందరూ లాగాలి, దించితే అందరూ ఆపాలి. ఎందుకని ఎవరూ అడగరు. అడిగేలోపు వల చినుగుతుంది, చేప పోతుంది. పాలెంలో పుట్టిన ప్రతివాడికీ ఇది తల్లిపాలతో వచ్చిన అలవాటు. ఆ చెయ్యి పోలయ్యది. అరవై ఎనిమిదిలో కాగితం ముందు పోలయ్య బొటనవేలు సిరాలో ముంచాడు. వెనకే పాలెంలో మగవాళ్లంతా ముంచారు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. చెట్లు పెంచిన ఆడవాళ్లను ఎవరూ పిలవనే లేదు.

"ఇంకో ముక్కుంది," అన్నాడు ప్రకాశరావు. అతను తలెత్తలేదు. "వెనక సంఘం తీర్మానం కుట్టి ఉంది. 'సహకరించిన కులపెద్ద పోలయ్యకు ఒక నైలాను వల ఇవ్వడమైనది.'"

పాలెం అంతా ఆ వల లాగింది. చేపలశాఖ వాళ్లిచ్చారని పోలయ్య చెబితే, మూడేళ్లుగా లాగి, ఆ చేప తిని, పోలయ్యను మెచ్చుకుంది.

పోలయ్య లేచి నిలబడ్డాడు. పారిపోయే మనిషి కాదు. "అవును, తీసుకున్నా. నేనొక్కణ్ణే తిన్నానంట్రా? నూలువలలు చివికిపోయి మీ పిల్లలు పస్తులుంటే ఎవడొచ్చాడు? పట్టా ఎటూ ఇయ్యరని నాకు తెలుసు. ఇయ్యని పట్టా బదులు వచ్చే వల తెచ్చా. తప్పా?"

"వల అడిగావు, సరే. మమ్మల్ని అడిగావా మావా?" అంది గంగరత్నం.

"లాగేటప్పుడు ఎవరన్నా ఎవర్నన్నా అడుగుతారంటే?"

"సముద్రం మనల్ని మోసం చెయ్యాలని చూడదు. కాగితం రాసినోడు చూస్తాడు. నీకు తెలిసీ మా చేత వేలు ముంచించావు. దిబ్బ మీద మేం బిందెలు మోస్తంటే చూశావు గదా. నా కడుపు పోయినప్పుడు నా మంచం పక్కన కూర్చుంది నువ్వే గదా!"

గంగరత్నానికి ఆ క్షణాన సాంబశివరావు మీద కోపం రాలేదు. వాడు పరాయివాడు, వాడి నుంచి ఆమె ఏనాడూ ఏదీ ఆశించలేదు. గుండె కోసినట్టయింది మాత్రం ఈ మనిషి వల్ల. ఈ భుజం మీద తను నిద్రపోయింది.

"ప్రెసిడెంటుగారి కాళ్లు పట్టుకుందాం. గింజలేరే పనన్నా ఇస్తాడు," అని పోలయ్య చివరకు గొణిగాడు.

"మన తోటలో మనమే కూలికా?" అని ఫ్యాక్టరీ పిల్లలు లేచారు. "మేం రోజంతా ఆ గింజలే కొట్టి చేతులు కాల్చుకుంటన్నాం. ఆ గింజ ఎవరు పండించారో మాకు తెలుసు. తోట జోలికొస్తే మేం ఫ్యాక్టరీ మానేసి వస్తాం!"

"పోలీసోళ్లు వస్తే?"

"రాకుండా ఉంటారా?"

"పిల్లలు గలవాళ్లం..."

"పిల్లలున్నారనే గదా! ఇసుక కింద వాళ్లని పూడ్చుకుంటామా?"

వాదన పెరిగింది. కొట్టుకునేదాకా పోయింది. అప్పుడు గంగరత్నం ఒక మాటంది. ఇవాళ ఎవరి చెయ్యీ చూసి ఎవరూ లాగొద్దు, ఇంటింటి ఆడమనిషీ మగమనిషీ లేచి ఎవరి మాట వాళ్లు చెప్పాలి అంది. పాలెంలో ఎన్నడూ లేని తంతు. ఒక్కొక్కరే లేచారు. కొందరు వణికారు. కొందరు తిట్టారు. ఇద్దరు వద్దన్నారు. పొద్దు కుంకేదాకా పట్టింది. అందరి మాటా అయ్యేసరికి, చెట్టు మీద గొడ్డలి పడనివ్వకూడదని తేలింది. వద్దన్న ఇద్దరూ కూడా "మీతోపాటే" అన్నారు.

మూడోరోజు పొద్దున్నే కట్ట మీద నుంచి గొడ్డళ్లు దిగాయి. చుండూరు వైపు మాలపల్లి నుంచి తెచ్చిన కూలీలు, ముప్ఫై మంది. ముందు నడుస్తున్న మేస్త్రీ పేరు ఏసుపాదం. సముద్రం వైపు వరసల ముందు పాలెం జనం గొలుసుకట్టి నిలబడి ఉంది.

"తప్పుకోండమ్మా. మాకు పని చెప్పారు, మేం చేసిపోతాం," అన్నాడు ఏసుపాదం.

"ఈ చెట్లు పోతే మా ఇళ్లు పోతాయన్నా," అంది గంగరత్నం.

"మాకసలు ఇళ్లే లేవు. పోరంబోకులో పాకలేసుకుంటే ఇలాంటి పెసిడెంటే ఒకడు పీకించాడు. అప్పుడు మీరెవరన్నా వచ్చారా? ఇవాళ కొట్టకపోతే మా పొయ్యి లేవదు. ఏం చెయ్యమంటావు?"

ఎండ ఎక్కుతోంది. ఏసుపాదం వెనకున్న ఒక ఆడమనిషి నీళ్లు కావాలంది. పక్కనే దొరువు. ఆమె అటు అడుగు వేయబోతే పాలెం జనంలోంచి అలవాటుగా ఒక గొంతు లేచింది. "దొరువులో దిగమాకండి! మేం తోడి పోస్తాం!"

ఏసుపాదం నవ్వాడు. నవ్వు చేదుగా ఉంది. "చూశావా చెల్లెమ్మా. మేం మీ చెట్టు కొట్టకూడదు. మీ నీళ్లూ ముట్టుకోకూడదు."

గంగరత్నానికి మొహం మీద కొట్టినట్టయింది. మోసపోయామని మూడు రోజులుగా ఏడుస్తున్నవాళ్లు తాము. ఇంకొకరికి తాము చేస్తున్నదేమిటో ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆమె నోరు తెరిచేలోపే సుబ్బాయమ్మ ముందుకొచ్చింది. మెడ గుడ్డ సవరించుకుంటూ ఆ ఆడమనిషి చెయ్యి పట్టుకుంది. దొరువులోకి తనతోపాటు దింపింది. "తాగమ్మా. కావాల్సినన్ని తాగు. ఎవడన్నా నోరెత్తితే వాడి మెడలో ఆ దండ నేనేస్తా," అంది.

ముప్ఫైమందీ దిగి తాగారు. పాలెం జనం చూస్తూ నిలబడ్డారు. కొందరి మొహాలు మాడాయి, నిజమే. కాని ఎవరూ ఆపలేదు. తర్వాత గంగరత్నం తమ వాళ్ల వైపు తిరిగి అడిగింది, బయటి వరసలో కొత్తగా మొక్కలు వేస్తే వీళ్లకీ వాటా ఉండాలా వద్దా అని. ఉండాలన్నవాళ్లే ఎక్కువ. ఏసుపాదం తన వాళ్లతో అరగంట మాట్లాడాడు. అక్కడా తిట్లు, అక్కడా వాదన. చివరకు గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు.

"మేం కొట్టం. వెళ్తాం. కాని రేపు పోలీసుల్ని పెట్టుకుని వేరేవాళ్లని తెస్తాడు. అది ఆపడం మా చేతుల్లో లేదు."

అలాగే జరిగింది. రెండు రోజులకు రెండు లారీల పోలీసులు వచ్చారు. వాళ్ల వెనక ఎక్కడి నుంచో తెచ్చిన కూలీలు. ఆడవాళ్ల జుట్టు పట్టి ఈడ్చారు. ప్రకాశరావు తల పగిలింది. అయినా గొలుసు తెగలేదు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఆపి, దిబ్బ కింద కూర్చున్న పోలయ్య దగ్గరకెళ్లాడు.

"పెద్దమనిషివి. వీళ్లని ఎగదోస్తోంది ఎవరో చెప్పు. నాలుగు పేర్లు చాలు. మిగతావాళ్ల జోలికి పోను."

పోలయ్య చెప్పాడు. గంగరత్నం. వెంకయ్య. సుబ్బాయమ్మ. ఆ కాలేజీ పిల్లోడు. మిగతావాళ్లను కాపాడుతున్నానని అనుకునే చెప్పాడేమో. లారీ ఎక్కిస్తుంటే గంగరత్నం ఆయన వైపు చూసింది. "అమ్మాయ్, రెండు రోజుల్లో విడిపిస్తాలే," అన్నాడు ఆయన. ఆ మాట విన్నాక ఆమెకు అరవాలని కూడా అనిపించలేదు.

సుబ్బాయమ్మను ముసలిదని వారానికే వదిలి, మిగతా ముగ్గుర్నీ బాపట్ల సబ్‌జైల్లో నలభై రోజులు ఉంచారు. "చెట్లతో మాకు సంబంధం లేదు" అని రాసిస్తే వదిలేస్తామన్నారు. రాసివ్వలేదు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు అన్న ప్రకారం పని మానేసి వారం రోజులు కోర్టు ముందు కూర్చున్నారు. ఏసుపాదం మనుషులు కాలినడకన వచ్చారు. సాంబశివరావుగారు మాత్రం ఈలోగా తన పని ముగించుకున్నారు. బయటి వరసలన్నీ బట్టీలకు పోయాయి. తొమ్మిదేళ్ల చెట్లు, తొమ్మిది రోజుల్లో.

గంగరత్నం బెయిలు మీద తిరిగొచ్చేసరికి ఆమె ఇంటి వెనక గోడ కనపడలేదు. ఇసుక చూరు దాకా వచ్చింది. పన్నెండు ఇళ్లు పూర్తిగా పోయాయి. పాలెంలోకి వచ్చే బండిదారి కూడా ఇసుక కింద పడింది. దిబ్బ మళ్లీ నడుస్తోంది.

ఆమె కూలబడి నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చింది. ఇంత చేసీ ఏం మిగిలింది అంది. పక్కింటి వాళ్లు ఓదార్చలేదు. వాళ్ల దగ్గర ఓదార్పు లేదు, పని ఉంది. ఆమె లేని నలభై రోజుల్లో వాళ్లు ఊరుకోలేదు. లోపలి వరసల్లో కాపలా కన్నుగప్పి ఏరిన గింజలు మొలకేసి, తాటాకు దొప్పల్లో పోసి, ఇంటింటి పంచలోనూ దాచారు. ఎవరి మాట వాళ్లు చెప్పుకుని, అందరినీ అడిగి, మృగశిర జల్లు పడిన మర్నాడే దిబ్బ ఎక్కాలని తేల్చుకున్నారు. ఏసుపాదానికి కబురు కూడా పోయింది.

"నువ్వేమంటావు?" అని అడిగింది సుబ్బాయమ్మ. "వెంకయ్య సరేనన్నాడు. నీ ఒక్కదాని మాటే మిగిలింది."

గంగరత్నం ముక్కు చీదుకుంది. "పార ఎక్కడుంది?" అంది.

జల్లు పడింది. మర్నాడు పొద్దున్నే మూడొందల మంది కంచె పీకి దిబ్బ ఎక్కారు. పాలెం వాళ్లు, మాలపల్లి వాళ్లు, ఫ్యాక్టరీ ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. కాపలావాళ్లు పరుగున పోయి కబురు చెప్పారు. మొదటి వరస సగం అయిందో లేదో, కట్ట మీద జీపు కనపడింది. అందులో ఇన్‌స్పెక్టరు, పక్కన సాంబశివరావుగారు, వెనక పోలీసులు.

జీపు కట్ట దిగి బండిదారి ఉండాల్సిన చోటికి వచ్చింది. అక్కడ దారి లేదు. నాలుగు చక్రాలూ ఇరుసు దాకా దిగబడ్డాయి. డ్రైవరు ఇంజను రొదపెట్టిన కొద్దీ ఇంకా దిగింది. బయటి వరసలు కొట్టి వదిలిన ఇసుక అది. సాంబశివరావుగారు తెల్లపంచె ఎత్తిపట్టుకుని దిగి మోకాలి దాకా కూరుకుపోయారు.

ఇన్‌స్పెక్టరు దిబ్బ వైపు తిరిగి అరిచాడు. "ఏయ్! పదిమంది రండి! తొయ్యండి!"

దిబ్బ మీద మూడొందల మంది విన్నారు. ఒక్కరూ నడుం ఎత్తలేదు.

పోలయ్య ఒక్కడూ వెళ్లాడు. పూడిపోయిన తన ఇంటి ముందు నుంచి లేచి, తలపాగా బిగించుకుని, జీపు వెనక భుజం ఆనించాడు. ఒంటరిగా తోశాడు. మడమలు జారి రెండుసార్లు బోర్లా పడ్డాడు. మళ్లీ లేచి తోశాడు. పోలీసులు పక్కన నిలబడి చూస్తున్నారు. ఆయన ఊపిరి ఎగపోస్తూ పైకి కేకేశాడు.

"రత్నం! అమ్మాయ్! ఒక్క చెయ్యెయ్యవే! మనల్ని బతకనిస్తారే!"

ఆ వయసులో, ఆ ఎండలో, ఆ మనిషి అలా పడిపోతుంటే గంగరత్నం చూడలేకపోయింది. కన్నీళ్లు ఆగలేదు. ఏడుస్తూనే గుంట తీసింది, ఏడుస్తూనే మొక్క నిలబెట్టి చుట్టూ ఇసుక అదిమింది. అప్పుడు లేచి నిలబడింది.

"మొక్క నాటడానికైతే రా మావా! చోటుంది! ఆ బండి తొయ్యడానికి మాత్రం నీ కూతురు రాదు!"

పోలయ్య జీపు మీద చేతులు ఆనించి అలాగే ఉండిపోయాడు. పైకి రాలేదు. మళ్లీ తోయనూ లేదు.

పోలీసులు నడిచి ఎక్కాల్సి వచ్చింది. పైకొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతున్నాడు. "ఎవరు చెప్పారు మీకు నాటమని? ఎవడు లీడరు?"

వెంకయ్య చేతులు దులుపుకున్నాడు. "ఎవరూ చెప్పలేదండి. అందర్నీ అందరం అడిగాం."

చేతికి అందినవాళ్లను పట్టుకున్నారు. నలభై మందికి పైనే. గంగరత్నం, వెంకయ్య, ప్రకాశరావు, ఏసుపాదం, ఫ్యాక్టరీ ఆడవాళ్లు. తీసుకుపోవడానికి బండి లేదు గనక బాపట్ల దాకా నడిపించారు. మూడు ఊళ్ల మీదుగా, పట్టపగలు. ప్రతి ఊళ్లోనూ జనం గుమ్మాల్లోకి వచ్చి, ఎందుకు పట్టుకున్నారని అడిగారు. పట్టుబడ్డవాళ్లు నడుస్తూనే మొత్తం చెప్పారు. కాగితం సంగతి, వల సంగతి, దొరువు సంగతి, దేన్నీ దాచలేదు. మూడో ఊరు దాటేసరికి వెనక నడిచేవాళ్లు పోలీసుల కన్నా ఎక్కువయ్యారు.

దిబ్బ మీద మిగిలినవాళ్లు పని ఆపలేదు. సుబ్బాయమ్మ మొలకలు అందిస్తోంది, ఏసుపాదం భార్య దొరువు నుంచి నీళ్లు మోస్తోంది. ఆ సాయంత్రానికి సముద్రం వైపు మూడు వరసలు అయ్యాయి. నాలుగో వరసకు గుంటలు తీసి ఉంచారు.